ఒక్క ఫోన్ రీచార్జ్‌తో ఇంటిల్లిపాదికీ నెట్: హాట్‌స్పాట్ వాడే ముందు ఇవి చూసుకోండి

అబ్బా ఫోన్‌లో డేటా ఉంది. అబ్బాయి ల్యాప్‌టాప్‌కి నెట్ లేదు. అమ్మీ ఫోన్‌లో రీచార్జ్ నిన్ననే అయిపోయింది. ఇంట్లో ఉన్న ట్యాబ్‌కైతే అసలు సిమ్ పెట్టే చోటే లేదు. ఇలాంటప్పుడు మన ఇళ్లలో వినిపించే మాట ఒక్కటే, "కాస్త హాట్‌స్పాట్ ఆన్ చెయ్యండి" అని. బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకోని ఇళ్లలో, తరచూ అద్దె ఇళ్లు మారే కుటుంబాల్లో, హాస్టల్ గదుల్లో నెట్ నడిచేది ఎక్కువగా ఇలాగే. ఆన్ చేయడం అందరికీ వచ్చు. మధ్యాహ్నం కాకముందే రోజు డేటా ఎందుకు అయిపోతోంది, ఆన్‌లైన్ క్లాసు మధ్యలో నెట్ ఎందుకు ఆగిపోతోంది, పక్కవాళ్లకు పాస్‌వర్డ్ చెబితే ఏమవుతుంది అన్నవి మాత్రం చాలామంది పట్టించుకోరు.

ముందు అసలు సంగతి. హాట్‌స్పాట్ ఆన్ చేస్తే మీ ఫోన్ ఒక చిన్న వైఫై రూటర్ అవుతుంది. టవర్ నుంచి సిమ్‌కు వచ్చే ఇంటర్నెట్‌ను వైఫైగా మార్చి చుట్టుపక్కల పరికరాలకు పంచుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోని నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లో 'హాట్‌స్పాట్ అండ్ టెథరింగ్' అని ఉంటుంది. శాంసంగ్‌లో కనెక్షన్స్ కింద చూడాలి. ఒక్కో కంపెనీ ఒక్కోచోట పెట్టింది కాబట్టి, దొరక్కపోతే సెట్టింగ్స్ పైన ఉన్న వెతికే పెట్టెలో హాట్‌స్పాట్ అని కొడితే వచ్చేస్తుంది. ఐఫోన్‌లో 'పర్సనల్ హాట్‌స్పాట్' తెరిచి 'అలో అదర్స్ టు జాయిన్' ఆన్ చేయాలి. ఆండ్రాయిడ్‌లో ఆన్ అవ్వకుండా మొరాయిస్తే డేటా సేవర్ ఆన్‌లో ఉందేమో చూడండి. అది ఉన్నంతసేపు చాలా ఫోన్లు హాట్‌స్పాట్ ఇవ్వవు.

పాత ల్యాప్‌టాప్‌లో మీ ఫోన్ పేరు కనిపించకపోతే కారణం చాలావరకు బ్యాండ్. హాట్‌స్పాట్ 5 గిగాహెర్ట్జ్ మీద ఉంటే పాత పరికరాలకు అది కనపడదు, 2.4కి మార్చాలి. ఐఫోన్ 12, ఆ తర్వాత వచ్చిన మోడళ్లలో 'మాక్సిమైజ్ కంపాటిబిలిటీ' అనేది ఆన్ చేస్తే ఇదే పని జరుగుతుంది. 2.4లో వేగం కొంచెం తగ్గినా గోడ అవతలి గదిలో కూడా అందుతుంది.

ఇప్పుడు డేటా ఎక్కడికి పోతోందో చూద్దాం. దీనికి మూలం ఒక చిన్న విషయం. మీ ఫోన్‌కు తెలుసు, వాడుతున్నది కొలత పెట్టిన మొబైల్ డేటా అని. కానీ మీ హాట్‌స్పాట్‌కు కనెక్ట్ అయిన ల్యాప్‌టాప్‌కు ఆ సంగతి తెలియదు. దానికి కనిపించేది వైఫై. వైఫై అంటే ఎంత వాడినా ఫర్వాలేదని దాని లెక్క. అందుకే ఎన్నాళ్లుగానో ఆపి ఉంచిన పనులన్నీ ఒకేసారి మొదలుపెడుతుంది. విండోస్ అప్‌డేట్ దిగుతుంది, వన్‌డ్రైవ్ ఫైళ్లు పైకి పంపిస్తుంది. అబ్బాయి తెరిచింది ఒక పీడీఎఫ్ మాత్రమే, అరగంటలో అబ్బా ఫోన్‌లో 1.5 జీబీ ఖాళీ! ఆ తర్వాత ఇంట్లో గొడవ. "నేనేం చూడలేదు అబ్బా" అని వాడు చెప్పేది చాలాసార్లు నిజమే.

ఫోన్లదీ ఇదే కథ. వాట్సాప్‌లో మామూలుగా ఉండే సెట్టింగ్ ఏమిటంటే, మొబైల్ డేటా మీద ఉన్నప్పుడు ఫోటోలు మాత్రమే వాటంతటవే దిగుతాయి, వైఫై మీద ఉన్నప్పుడు వీడియోలు, ఆడియోలు, డాక్యుమెంట్లు అన్నీ దిగుతాయి. శుక్రవారం పొద్దున ఖాన్‌దాన్ గ్రూపులో ఎవరో 'జుమా ముబారక్' వీడియో ఒకటి పెడతారు. అది 15 ఎంబీ అనుకోండి. మీ హాట్‌స్పాట్ మీద నాలుగు ఫోన్లు ఉంటే ఎవరూ తెరవకపోయినా 60 ఎంబీ పోతుంది. ఒక్కో ఇంట్లో ఇలాంటి గ్రూపులు ఎన్నో మీకే తెలుసు. ప్లే స్టోర్ అప్‌డేట్లు, ఫోటోల బ్యాకప్, వాట్సాప్ బ్యాకప్ కూడా 'వైఫై వచ్చింది కదా' అని కదులుతాయి.

దీనికి మందు సులువు, కానీ వేయాల్సింది హాట్‌స్పాట్ ఇచ్చే ఫోన్‌లో కాదు, తీసుకునే పరికరంలో. విండోస్ ల్యాప్‌టాప్‌లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై వరుసగా తెరిచి, కనెక్ట్ అయిన హాట్‌స్పాట్ ప్రాపర్టీస్‌లో 'మీటర్డ్ కనెక్షన్' ఆన్ చేయండి. అంటే ఈ నెట్‌కు మీటర్ తిరుగుతోంది, జాగ్రత్తగా వాడు అని ల్యాప్‌టాప్‌కు చెప్పినట్టు. పెద్ద అప్‌డేట్లు ఆగిపోతాయి. ఒకసారి చేస్తే ఆ హాట్‌స్పాట్‌కు ఎప్పటికీ గుర్తుంటుంది, అయితే హాట్‌స్పాట్ పేరు మారిస్తే మళ్లీ చేయాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ వైఫై పేరు మీద నొక్కితే నెట్‌వర్క్ యూసేజ్ దగ్గర 'ట్రీట్ యాజ్ మీటర్డ్' కనిపిస్తుంది. ఒక ఆండ్రాయిడ్ మరో ఆండ్రాయిడ్ నుంచి తీసుకుంటే కొన్నిసార్లు తానే గుర్తుపడుతుంది, అయినా ఒకసారి చూసుకోవడం మంచిది. ఐఫోన్‌లో, మ్యాక్‌లో దీని పేరు 'లో డేటా మోడ్'. వాట్సాప్‌లో మాత్రం వేరుగా వెళ్లాలి. సెట్టింగ్స్‌లోని స్టోరేజ్ అండ్ డేటాలో, వైఫై మీద ఉన్నప్పుడు దిగేవాటిలో వీడియోల టిక్ తీసేయండి.

లెక్క కూడా ఒకసారి వేసుకుందాం. సెకనుకు 1 మెగాబిట్ చొప్పున గంటసేపు ఆగకుండా డేటా వస్తే ఖర్చయ్యేది 450 ఎంబీ. కెమెరా ఆన్ చేసి మాట్లాడే వీడియో కాల్ గంటకు దాదాపు సగం జీబీ తీసుకుంటుంది. నెట్‌ఫ్లిక్స్ తానే చెప్పే లెక్క ప్రకారం హెచ్‌డీలో గంటకు 3 జీబీ దాకా పోతుంది. అంటే రోజుకు 1.5 జీబీ ప్లాన్‌తో పిల్లవాడి క్లాసు రెండు గంటలు నడిపించవచ్చు, సినిమా మాత్రం అరగంట. క్లాసులో తన కెమెరా ఆపేసి వింటే ఇంకా మిగులుతుంది. యూట్యూబ్ పాఠాలు 360 లేదా 480లో పెట్టినా బోర్డు మీది అక్షరాలు చాలావరకు బాగానే కనపడతాయి.

కోటా అయిపోయాక వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోయే ప్లాన్లు ఎక్కువ. ఆ వేగంలో ఒక్క ఎంబీ ఫోటో రావడానికి 2 నిమిషాలు పడుతుంది. ఒక్కరికే అది చాలదు, ముగ్గురు పంచుకుంటే ఎవరికీ ఏమీ తెరుచుకోదు. రోజు కోటా చాలా ప్లాన్లలో అర్ధరాత్రి 12కి మళ్లీ మొదలవుతుంది. రంజాన్‌లో దీన్ని గుర్తుపెట్టుకోవాలి. సహరీకి ముందు పిల్లలంతా మేలుకుని ఉండి వీడియోలు చూస్తే, పొద్దున పనికి కావాల్సిన డేటా తెల్లవారకముందే అయిపోతుంది. 5జీ మీద అపరిమిత డేటా ఇచ్చే ప్లాన్ ఉన్నవాళ్లు కూడా ఒక సంగతి చూడాలి. ఫోన్ పైన 5జీ పోయి 4జీ గుర్తు కనిపిస్తే, అప్పటినుంచి కోటా తిరగడం మొదలవుతుంది. ఇంట్లో ఏ గదిలో 5జీ నిలబడుతుందో చూసి ఫోన్ అక్కడే ఉంచండి.

ఇక క్లాసు మధ్యలో నెట్ ఆగిపోవడం. రెండు సిమ్‌లున్న ఫోన్‌లో ఒక సిమ్ మీద డేటా నడుస్తుండగా రెండో సిమ్‌కు కాల్ వస్తే, చాలా ఫోన్లలో కాల్ అయ్యేదాకా డేటా ఆగిపోతుంది. అబ్బా పక్క గదిలో ఫోన్ మాట్లాడుతుంటారు, ఇక్కడ అమ్మాయి స్క్రీన్ మీద చక్రం తిరుగుతూ ఉంటుంది. ఎవరికీ కారణం తెలియదు. ఎంసెట్ కాస్తా ఇప్పుడు ఈఏపీసెట్ అయింది కదా, దాని వెబ్ ఆప్షన్లు పెట్టే చివరి రోజు ఇలా జరిగితే సీటు మీదే దెబ్బ పడవచ్చు. అలాంటి పనికి కూర్చునే ముందు రెండో సిమ్‌ను గంటసేపు ఆఫ్ చేయండి, లేదా సిమ్ సెట్టింగ్స్‌లో కాల్ సమయంలో రెండో సిమ్ డేటా వాడుకునే వీలుంటే ఆన్ చేయండి. ఆప్షన్లు పెట్టేటప్పుడు మధ్యమధ్యలో సేవ్ కొడుతూ ఉండండి.

ఇంతకన్నా మంచి పద్ధతి ఛార్జింగ్ కేబుల్. ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి, హాట్‌స్పాట్ పేజీలోనే ఉండే 'యూఎస్‌బీ టెథరింగ్' ఆన్ చేస్తే వైఫై అవసరమే లేదు. నెట్ నిలకడగా ఉంటుంది, ఫోన్ ఛార్జ్ అవుతుంది, మధ్యలో ఇంకెవరూ దూరలేరు. పరీక్ష, ఇంటర్వ్యూ, దరఖాస్తు ఏదైనా ల్యాప్‌టాప్‌లో చేసేటప్పుడు ఇదే వాడమని మా సలహా. కేబుల్ మాత్రం ఛార్జింగ్‌తో పాటు డేటా కూడా పంపేది అయి ఉండాలి, కొన్ని చౌక కేబుళ్లు ఛార్జింగ్‌కు తప్ప దేనికీ పనికిరావు.

వైఫై హాట్‌స్పాటే వాడితే ఫోన్ వేడెక్కుతుంది. సిమ్, వైఫై రెండూ ఒకేసారి పనిచేస్తాయి మరి. మే నెలలో దాన్ని దిండు కింద పెట్టి ఛార్జింగ్ కూడా పెడితే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. గాలి తగిలేచోట గట్టి బల్ల మీద పెట్టండి. ఎవరూ వాడనప్పుడు దానంతటదే ఆగిపోయే ఆప్షన్ చాలా ఫోన్లలో ఉంది, అది ఆన్ చేసుకోండి.

పాస్‌వర్డ్ దగ్గర కాస్త ఆగాలి. 2008 జూలై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు కాస్త ముందు ఒక ఈమెయిల్ మీడియాకు వెళ్లింది. దాని ఐపీ అడ్రస్ వెంట వెళ్లిన పోలీసులు నవీ ముంబైలో అద్దెకుంటున్న ఒక అమెరికన్ ఇంటికి చేరారు. ఆయన వైఫైకి సరైన రక్షణ లేకపోవడంతో ఎవరో దాన్ని వాడుకున్నారు. అయినా విచారణ, ప్రశ్నలు ఆయనకు తప్పలేదు. అది ఇంటి వైఫై, మనది ఫోన్ హాట్‌స్పాట్. సూత్రం మాత్రం ఒకటే. కంపెనీ రికార్డులో ఉండేది సిమ్ ఎవరి ఆధార్ మీద తీసుకున్నారో వాళ్ల పేరు. ఆ సిమ్ వెనక ఆ రోజు కనెక్ట్ అయి ఏదో పోస్ట్ పెట్టిన కుర్రాడి పేరు కంపెనీకి తెలియదు. ముందు తలుపు తట్టేది మీ ఇంటినే. మన పిల్లలకు ఈ మాట ఎందుకు గట్టిగా చెప్పాలో వేరే రాయనక్కర్లేదు.

అలాగని పొరుగువాళ్లకు ఇవ్వొద్దని కాదు. పక్కింటి అమ్మాయి హాల్‌టికెట్ దింపుకోవాలంటే ఇవ్వాలి, పొరుగువారి హక్కు మనకు చిన్న విషయం కాదు. ఇచ్చి, పని అయ్యాక పాస్‌వర్డ్ మార్చండి. మార్చగానే పాతవాళ్లంతా కట్ అయిపోతారు, మొహమాటం కూడా ఉండదు. 'పాస్‌వర్డ్ లేకుండా ఓపెన్' అనే ఆప్షన్ ఎప్పుడూ వద్దు. కనీసం 8 అక్షరాలు కావాలి, ఇంటి ఫోన్ నంబరో, పిల్లల పేరో పెట్టకండి. సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 ఉండాలి. ఎంతమంది కనెక్ట్ అయ్యారో హాట్‌స్పాట్ పేజీలోనే కనిపిస్తుంది. తెలియని పేరు ఉంటే చాలా ఫోన్లలో అక్కడే బ్లాక్ చేయవచ్చు.

హాట్‌స్పాట్ పేరు గురించి అమ్మాయిలున్న ఇళ్లవాళ్లకు ఒక మాట. ఐఫోన్‌లో ఫోన్‌కు పెట్టుకున్న పేరే హాట్‌స్పాట్ పేరుగా బయటికి కనిపిస్తుంది. బస్సులోనో కాలేజీలోనో ఆన్ చేస్తే చుట్టూ ఉన్న అందరి ఫోన్లలో 'ఫలానా అమ్మాయి ఐఫోన్' అని కనపడుతుంది. సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లోకి వెళ్లి అర్థం లేని పేరు ఏదైనా పెట్టమనండి. ఆండ్రాయిడ్‌లో హాట్‌స్పాట్ పేజీలోనే మార్చుకోవచ్చు. అలాగే రైల్లో ఎవరిదో తెలియని హాట్‌స్పాట్ తెరిచి ఉంటే ఊరికే కనెక్ట్ కావొద్దు. ఇజాజత్ లేకుండా ఒకరి డేటా వాడటం ఎలాగూ సరికాదు, పైగా ఫోన్‌పేలు, బ్యాంకు పనులు సొంత డేటా మీదే చేసుకోవాలి.

ఉమ్రాకు వెళ్లే కుటుంబాలకు హాట్‌స్పాట్ బాగా పనికొస్తుంది. అక్కడ సిమ్ తీసుకోవాలంటే పాస్‌పోర్టుతో పాటు వేలిముద్ర ఇవ్వాలి. ఐదుగురు ఉంటే ఐదుగురూ తీసుకోనక్కర్లేదు, ఒకరి సౌదీ సిమ్‌తో మిగతావాళ్లు హోటల్లో, బస్సులో నెట్ వాడుకోవచ్చు. వాట్సాప్ పాత ఇండియా నంబర్‌తోనే నడుస్తుంది. రౌజా పర్మిట్ కోసం వాడే నుసుక్ యాప్ కూడా ఇలా తెరుచుకుంటుంది. కానీ హాట్‌స్పాట్ అందేది కొన్ని అడుగుల దూరమే. మస్జిదె నబవీలో మగవాళ్ల వైపు అబ్బా, ఆడవాళ్ల వైపు అమ్మీ వెళ్లిన క్షణం నుంచి అమ్మీ ఫోన్‌లో నెట్ ఉండదు. అందుకే కనీసం రెండు సిమ్‌లు తీసుకోండి, ఆడవాళ్లలో ఒకరి దగ్గర ఒకటి తప్పనిసరి. హోటల్ వైఫై ఉన్నప్పుడే మక్కా, మదీనాల మ్యాప్‌ను ప్రతి ఫోన్‌లో ఆఫ్‌లైన్‌గా దింపుకోండి. హోటల్ పేరు, గేటు నంబర్, సౌదీ సిమ్ నంబర్ ఒక కాగితం మీద రాసి పెద్దవాళ్ల జేబులో, సంచిలో పెట్టి పంపండి.