సైనిక వైద్యశాలలలో శుచియు, లిఖితమును

యుద్ధమనగానే మనకు ఫిరంగులు, తుపాకులు స్ఫురించును. సైనికులు శత్రువుల గుండ్లచేతనే మరణింతురని సామాన్యముగా తలంతుము. కాని పందొమ్మిదవ శతాబ్దపు యుద్ధములను పరిశీలించినచో, గాయములకంటె రోగములే ఎక్కువమందిని బలిగొన్నట్లు తెలియుచున్నది. ఈ కంటికి కానరాని శత్రువును ఎదుర్కొనుటకు సైనిక వైద్యులు రెండు సాధనములను సంపాదించుకొనిరి. ఒకటి శుభ్రమైన చేయి. రెండవది నిజమును వ్రాయు కలము. మొదటిదాని మేలు అందరు నెరుగుదురు. రెండవది లేనిచో మొదటిది గ్రుడ్డిదగునని ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

క్రిమియా యుద్ధకాలమున, 1854వ సంవత్సరము నవంబరులో, ఫ్లారెన్సు నైటింగేలు 38 మంది నర్సులతో టర్కీ దేశములోని స్కుటారి సైనిక వైద్యశాలకు చేరెను. అచట మురుగు కాలువలు పూడిపోయి యుండెను. గదులలో గాలి యాడకుండెను. ఇంతకంటె విచిత్రమేమనగా, మరణించిన వారి సంఖ్య సరిగా ఎవరికిని తెలియదు. భూస్థాపితులైన వారిలో అనేకుల మరణములు ఏ పుస్తకమునకును ఎక్కలేదు. లెక్క లేనిచోట తప్పెక్కడనున్నదో ఎట్లు తెలియును? 1855 ఫిబ్రవరిలో ఆ వైద్యశాలలో మరణములు నూటికి సుమారు 42 వరకు ఉండెను. మార్చి నెలలో వచ్చిన ఆరోగ్య సంఘమువారు కాలువలను బాగుచేయించి, గోడలకు సున్నము వేయించి, మంచినీటిని శుభ్రపరచిరి. జూను నాటికి ఆ సంఖ్య నూటికి సుమారు రెండునకు దిగెను. నైటింగేలు ఈ అంకెలనన్నిటిని కూర్చి, 1858లో రంగుల పటముగా ప్రకటించెను. వాదములకు లొంగని ప్రభువులు అంకెలకు లొంగిరి.

ఆమె దృష్టి మన దేశముపైనను ప్రసరించెను. భారతదేశమునకు ఎన్నడును రాకపోయినను, ఇచ్చటి దండులన్నిటికి ప్రశ్నపత్రములు పంపించి, నీరు, మురుగు, నివాసములను గూర్చిన సమాధానములను తెప్పించెను. 1863లో వెలువడిన విచారణ సంఘపు నివేదిక ప్రకారము, ఇచ్చటి ఆంగ్ల సైనికులలో ఏటేట వేయింటికి 69 మంది మరణించుచుండిరి. ఆరోగ్య సంస్కరణల ఫలితముగా పది సంవత్సరములకు ఆ సంఖ్య 18కి తగ్గెను.

మరియొక నిదర్శనము మనకు ఇంకను సమీపమున గలదు. రొనాల్డు రాసు సైనిక వైద్యుడు. 1883లో ఆయన మన చింతామణికి నైరుతి దిక్కున నున్న బెంగళూరు దండులో పనిచేయుచు, తన బసయొద్ద నీటితొట్టిలో దోమలు పుట్టుటను గమనించి, ఆ తొట్టిని బోర్లించగా దోమలు తగ్గుట చూచెను. తరువాత 1897లో సికింద్రాబాదునందు, హుసేనుఖాను అను మలేరియా రోగిని కుట్టిన దోమలను, అవి కుట్టిన దినమును గుర్తుంచుకొని, ఒక్కొక్కదానిని కోసి పరీక్షించెను. ఆగస్టు 20వ తేదీన కోసిన దోమ పొట్టగోడలో క్రొత్త కణములు కనిపించెను. మరునాడు కోసిన దోమలో అవే కణములు మరింత పెద్దవై యుండెను. ఒక్క దినములో పెరిగినవి గనుక అవి ప్రాణముగల రోగబీజములని ఆయన నిశ్చయించెను. దోమ కుట్టిన తేదీ వ్రాసి యుండనిచో, ఈ పెరుగుదల తెలిసియుండెడిది కాదు. ఆయనకు 1902లో నోబెల్ బహుమానము లభించెను.

ఈ ధర్మము మన తాలూకాలో పట్టుపురుగులను పెంచు గృహములకు క్రొత్త కాదు. ఒక పంట గూళ్ళు దించిన పిదప గదిని, తట్టలను, చంద్రికలను కడిగి మందు కొట్టనిదే రెండవ పంటకు పూనుకొనరు. ఆకు ముట్టుటకు ముందు చేతులు కడుగుకొందురు. జబ్బుపురుగును ఏరి వేరుచేయుదురు. ఫ్రాన్సు దేశములో 1865 మొదలుకొని పాశ్చరు పండితుడు పట్టుపురుగుల తెగులును నివారించినదియు ఇట్లే: ఏ తల్లిపురుగు పెట్టిన గుడ్లు ఏవో వేరువేరుగా గుర్తుంచి, తల్లిని సూక్ష్మదర్శినితో పరీక్షించి, రోగమున్నచో ఆ గుడ్లను పారవేయించెను. శుభ్రతయు, గుర్తును కలిసినప్పుడే పంట నిలిచెను.

నేడు సైనిక వైద్యశాలలలో వైద్యులు, నర్సులు, నర్సింగు అసిస్టెంట్లు అను సిపాయిలు పాటించు విధులలో మొదటిది చేతుల శుభ్రత. రోగిని తాకుటకు ముందు, సూది వేయుట, కట్టు కట్టుట వంటి పనులకు ముందు, రక్తము మొదలగునవి సోకిన పిదప, రోగిని తాకిన పిదప, అతని మంచము చుట్టునున్న వస్తువులను తాకిన పిదప, ఈ ఐదు సమయములందు చేతులను శుద్ధి చేసికొనవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్దేశించినది. సబ్బుతో నైనచో 40 నుండి 60 సెకండ్లు పట్టును. వైద్యశాల చెత్తకును పద్ధతి యున్నది. రక్తము అంటిన కట్లు పసుపుపచ్చని సంచిలో, ప్లాస్టికు గొట్టములు ఎర్రదానిలో, సూదులు గుచ్చుకొనని తెల్లని డబ్బాలో, గాజుసీసాలు నీలపుదానిలో వేయుదురు.

ఇక వ్రాత సంగతి. యుద్ధభూమిలో గాయపడినవాడు ఒక చేతినుండి మరియొక చేతికి, అచటినుండి దూరపు వైద్యశాలకు సాగిపోవును. అతడు స్మృతి తప్పియుండవచ్చును. అతనికి బదులుగా మాటలాడునది అతనికి కట్టిన చీటియే. రక్తము ఆగుటకై చేతికో కాలికో బిగించిన పట్టీ ఎక్కువసేపు ఉన్నచో ఆ అవయవమునకే ముప్పు. కావున బిగించిన వేళను తప్పక వ్రాయవలెను. నొప్పి తగ్గించు మార్ఫీను రెండుమార్లు పడినచో ప్రాణాపాయము. రెండవ ప్రపంచయుద్ధములో అమెరికా సైనిక వైద్యసిబ్బంది, మందు వేసిన ఖాళీ గొట్టమును గాయపడినవాని కాలరుకు గుచ్చి పంపుట ఇందుకే. అక్షరమునకు అవకాశము లేనిచోట అదియే అక్షరమయ్యెను.

వార్డులో జ్వరపు పట్టిక, ఇచ్చిన మందు, దాని మోతాదు, వేళ, ఇచ్చినవారి సంతకము ఉండవలెను. నరములో గొట్టము అమర్చిన తేదీ వ్రాసినచో, దానిని ఎప్పుడు తీయవలెనో తెలియును. ఒకే వారములో ముగ్గురి గాయములు చీము పట్టినట్లు పుస్తకములో కనబడినచో, కారణమును వెదకుటకు వీలగును. వేరువేరు మనుష్యుల జ్ఞాపకములలో ఆ ముగ్గురు ఎన్నడును కలిసికొనరు. చేయని పనిని చేసినట్లు వ్రాయరాదు. చేసినదానిని వ్రాయక విడువరాదు. వ్రాతలో తప్పు దొర్లినచో దానిని చెరిపివేయక, ఒక గీత గీచి, సరియైనది వ్రాసి, సంతకము చేయవలెను.

తల్లిదండ్రులకు ఒక విన్నపము. మన ఇంట తెలుగు, వీధిలో కన్నడము, వైద్యశాల కాగితముపై ఇంగ్లీషు. ఈ మూటి నడుమ రోగి మాట జారిపోవుటకు అవకాశము మెండు. ఫలానా మందు పడదని అవ్వ తెలుగున చెప్పినది కాగితమునకు ఎక్కనిచో, తరువాతి వైద్యునికి అది చెప్పనిదానితో సమానము. కావున మందుచీటీలను, పరీక్షల కాగితములను తేదీల వరుసన ఒక సంచిలో భద్రపరుపుడు. పడని మందుల పేర్లు ఒక కాగితముపై వ్రాయించి దానితో నుంచుడు.

విద్యార్థులారా! మూడు లిపులు చదువగల మీరు ఇంటిలో ఈ పనిని పూనుకొనవచ్చును. మీలో కొందరు రేపు సైనిక వైద్యశాలలలో నర్సులుగా, వైద్యులుగా చేరవచ్చును. అచట నేర్పు విద్యకు పునాది ఇచటనే వేయవచ్చును. తినుటకు ముందు చేతులు కడుగుకొనుడు. ప్రయోగశాల పుస్తకములో చూచినదానినే, చూచిన దినముననే వ్రాయుడు.