వాన నిలవని కప్పు

గడ్డిమోపు రాత్రంతా వానలో తడిస్తే తెల్లారేసరికి రెండింతల బరువెక్కుతుంది. మరి అదే గడ్డితో కప్పిన ఇల్లు కురవదేం? ఇంగ్లాండులో స్ట్రాట్‌ఫర్డ్ పక్కన షాటరీ అనే పల్లెలో ఉన్న రైతు ఇల్లు ఇందుకు మంచి ఉదాహరణ. షేక్‌స్పియర్ భార్య ఆన్ హాతవే పుట్టిల్లు అది. అందులో పాత భాగం 15వ శతాబ్దం నాటిది.

కిటుకంతా వాలులో ఉంది. ఇలాంటి కప్పును 45 డిగ్రీలకు తగ్గకుండా నిటారుగా వేస్తారు. చినుకు ఒక పరక కొస నుంచి కింది పరక మీదికి జారుతూ, లోపలికి ఇంకే వ్యవధి లేకుండానే చూరు దాటిపోతుంది. ఎంత వానకైనా పైపైన రెండు మూడు సెంటీమీటర్లే తడుస్తాయి, కిందిదంతా పొడి. పరకల మధ్య చిక్కుకున్న గాలి చలినీ ఆపుతుంది.

ఈ కప్పును మోసేది గోడలు కాదు. వంపు తిరిగిన ఓక్ మానును నిలువునా చీలిస్తే ఒకే వంపున్న రెండు దుంగలొస్తాయి. వాటిని ఎదురెదురుగా నిలబెట్టి, పైకొసలు కలిపి చెక్క మేకు దిగ్గొడతారు. నేల నుంచి నడికొప్పు దాకా బరువంతా ఆ జతలదే. వాటి మధ్య తడికలు కట్టి మట్టి మెత్తితే చాలు, గోడ అయిపోయింది.

మొదట్లో ఇలాంటి ఇళ్లకు పొగగొట్టాలు లేవు. నడింట్లో నేల మీదే మంట, పొగంతా కప్పులోకే. ఇళ్లు కప్పేవాళ్లు పాత గడ్డిని పూర్తిగా పీకేయకుండా, చివికిన పైపొర మాత్రం తీసేసి దానిమీదే కొత్తది వేసేవారు. దాంతో దక్షిణ ఇంగ్లాండులో, ముఖ్యంగా డెవన్‌లో, కొన్ని ఇళ్ల కప్పుల్లో అట్టడుగు పొర మసిబారి అలాగే మిగిలిపోయింది. అందులో వందల ఏళ్ల నాటి గోధుమ, రై వెన్నులు, వాటితోపాటు కోసుకొచ్చిన కలుపు మొక్కలు శాస్త్రజ్ఞులకు దొరికాయి. అప్పటి రైతు ఏ రకం విత్తాడో, చేలో కలుపు ఏ పాటిదో చెప్పే ఇంత నికరమైన సాక్ష్యం ఏ దస్తావేజులోనూ ఉండదని నా నమ్మకం.

తర్వాత హాతవేల ఇంట్లో పొగగొట్టాలు లేచాయి, నడింటి మీద అటక పడింది. కళ్లమంట తగ్గింది గానీ, గొట్టంలోంచి రవ్వ ఎగిరితే పడేది గడ్డిమీదే. లండన్ నగరం 1212లోనే కొత్తగా గడ్డి కప్పులు వేయొద్దంది. షాటరీ ఇల్లు కూడా 1969లో అగ్నిప్రమాదంలో బాగా దెబ్బతింటే మళ్లీ బాగుచేశారు.

నిప్పు కాక, గడ్డి కప్పుకు ఇంకో కష్టం పొలం నుంచే వచ్చింది. 20వ శతాబ్దంలో పొట్టి గోధుమ రకాలొచ్చాయి, కంబైన్ హార్వెస్టర్ గడ్డిని నలిపేసింది. అందుకని 1964లో విడుదలైన మారిస్ విడ్జెన్ వంటి పొడుగు రకాలను కప్పుల కోసం ఇప్పటికీ వేస్తున్నారు. నలగకుండా పాతకాలపు బైండర్లతో కోసి, పనలు కట్టి ఆరబెడతారు. ఆ చేలో గడ్డి అసలు, గింజ కొసరు.