వెతకడం వస్తే చాలు!

'అమ్మాయి డిగ్రీలో చేరింది. గైడ్లు కొనిచ్చాం, ట్యూషన్ పెట్టించాం' అంటుంటారు తల్లులు. లైబ్రరీ కార్డు తీసుకుందా అని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. ఓ మహిళా కళాశాలలో ముప్ఫయ్యేళ్లు లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరైన దాన్ని. అందుకే ఈ మాట కాస్త గట్టిగానే చెబుతున్నాను.

ఏటా మొదటి సంవత్సరం పిల్లలకు తలా ఒక చీటీ ఇచ్చేదాన్ని. పసిబిడ్డకు ఏ వయసులో ఏ ఆహారం పెట్టాలి? అద్దె ఇల్లు ఖాళీ చేయించాలంటే చట్టం ఏమంటోంది? ఇలాంటి ప్రశ్న ఒకటి దానిమీద ఉండేది. జవాబు నేను చెప్పను, వాళ్లే వెతికి తేవాలి. పుస్తకం పేరు, రచయిత, అచ్చయిన సంవత్సరం, పేజీ నంబరు... నాలుగూ రాస్తేనే సంతకం.

'పరీక్షల్లో రాదు కదా మేడమ్!' అని మూతి ముడిచేవారు. నెల తిరిగేసరికి దారిలో పడేవారు.

వెతకడానికీ పద్ధతుంది. అమెరికాకు చెందిన మెల్విల్ డ్యూయీ 1876లో విజ్ఞానాన్నంతా పది తరగతులు చేసి అంకెలిచ్చాడు. ఆ పద్ధతి పాటించే లైబ్రరీల్లో చట్టాలు 340 దగ్గర, వైద్యం 610 దగ్గర, ఇంటి నిర్వహణ 640 దగ్గర ఉంటాయి. పుస్తకం దొరికాక మొత్తం చదవక్కర్లేదు. ముందు విషయసూచిక, చివర ఉండే పదసూచిక చూస్తే చాలు. పాఠకుల సమయం ఆదా చేయాలన్నది మన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన ఐదు సూత్రాల్లో ఒకటి.

ఇది ఎంతకాలానికి పనికొస్తుందో నా పాత విద్యార్థిని ఒకామెను చూస్తే తెలిసింది. ఆమెకు 1984లో పెళ్లయింది. తండ్రి పోయాక పంచుకోని ఉమ్మడి పొలంలో వాటా అడిగితే, '85కి ముందు పెళ్లయినవాళ్లకు హక్కు లేదు' అన్నారు అన్నదమ్ములు. లైబ్రరీకెళ్తే పుస్తకంలోనూ అదే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైన సవరణ కూతుళ్లకు సమాన వాటా ఇచ్చినా, అప్పటికే పెళ్లయినవారిని పక్కనపెట్టింది.

మరొకరైతే అక్కడితో ఆగిపోయేవారు. ఈమె పేజీ తిప్పి అచ్చయిన సంవత్సరం చూసింది. 1998! ఆ తర్వాత చట్టం మారిందేమోనని మళ్లీ వెతికింది. 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకొచ్చిన కేంద్ర సవరణ ప్రకారం పెళ్లితో నిమిత్తం లేకుండా కూతురికి పుట్టుకతోనే హక్కు. ఆ తేదీకి తండ్రి జీవించి ఉండాల్సిన పనిలేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే చట్టప్రకారం పూర్తయిన పంపకాలకు మాత్రం ఇది వర్తించదు. ఆ కాగితాలు పట్టుకుని లాయరు దగ్గరకు వెళ్లేసరికి, ఏమడగాలో ఆమెకు ముందే తెలుసు. కోర్టు మెట్లెక్కకుండానే వాటా చేతికొచ్చింది.

'ఇప్పుడు ఫోనుందిగా' అంటారేమో! నిజమే, జవాబు క్షణంలో వచ్చేస్తుంది. కానీ రాసిందెవరు, ఎప్పుడు రాశారు, ఎక్కడినుంచి తీసుకున్నారు అన్నది చూడటం ఫోను నేర్పదు. వాట్సాప్‌లో వచ్చిన చిట్కా చూసి మందు మానేసేవాళ్లకు ఈ మూడు ప్రశ్నలే రక్ష.

కాలేజీలు మొదటి నెలలో వారానికో గంట దీనికి కేటాయిస్తే చాలు. తల్లులూ! అమ్మాయితో పాటు మీరూ ఓసారి ఊళ్లో లైబ్రరీకి వెళ్లి రండి. ఇంటి పన్నుతో కలిపి గ్రంథాలయ పన్ను కట్టేది మనమే. కట్టిన డబ్బుకు ప్రతిఫలం తీసుకోవద్దూ!