లాక్‌డౌన్‌లో కార్బన్ లెక్క

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. నరసన్నపేట దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద చెన్నై, కోల్‌కతా లారీల రద్దీ పలచబడింది. కొన్నాళ్లకు అదే దారిన వలస కూలీలు మూటలు నెత్తిన పెట్టుకుని ఇచ్ఛాపురం మీదుగా ఒడిశా వైపు నడిచారు. ప్రకృతి ఊపిరి పీల్చుకుంటోందన్న మాట ఆ రోజుల్లో ప్రతి ఫోన్‌లోనూ తిరిగింది. గాలి వరకు అది నిజమే. భూతాపం విషయంలో మాత్రం నిజం కాదు.

తేడా అంతా ఆయుర్దాయంలో ఉంది. డీజిల్ ఇంజను వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు గంటల్లో, మహా అయితే ఒకటి రెండు రోజుల్లో మాయమవుతాయి. మసి, సన్నని ధూళి కణాలు వారం పది రోజుల్లో నేలకు దిగుతాయి, వాన పడితే ఇంకా ముందే. అందుకే బండ్లు ఆగిన కొద్ది రోజులకే ఆకాశం తేటపడింది. కార్బన్ డయాక్సైడ్ తీరు వేరు. ఈ ఏడాది వదిలినదానిలో చాలా భాగం మన మునిమనవల నాటికీ పైనే ఉంటుంది. గెడ్డలో పారకం కాస్త తగ్గితే చెరువు మట్టం దిగదు, నిండడం కొంచెం ఆలస్యమవుతుంది. ఇదీ అంతే.

2020 ఏప్రిల్ మొదట్లో ప్రపంచం రోజూ వదిలే కార్బన్ డయాక్సైడ్ 2019 సగటు కంటే 17 శాతం తగ్గింది. మన దేశంలో ఆ తగ్గుదల ఒక దశలో 26 శాతానికి చేరింది. ఏడాది మొత్తం మీద చూస్తే ప్రపంచంలో తగ్గింది 5 శాతం పైచిలుకు. హవాయిలోని మౌనా లోవా కొండ మీద 1958 నుంచి ఈ వాయువును కొలుస్తున్నారు. అక్కడ 2020 మే నెల సగటు పది లక్షల పాళ్లకు 417 పాళ్లు. అప్పటికి అదే రికార్డు. కోవిడ్ వల్ల ఆ ఏడాది పెరుగుదలలో తగ్గేది 0.08 నుంచి 0.23 పాళ్లేనని ప్రపంచ వాతావరణ సంస్థ అంచనా కట్టింది. అడవులు, సముద్రాలు పీల్చుకునే తీరును బట్టి ఏటా వచ్చే హెచ్చుతగ్గులే ఒక పాలు దాకా ఉంటాయి. ఆ ఊగిసలాటలో లాక్‌డౌన్ జాడ కనిపించకుండా పోయింది.

మీథేన్ కథ ఇంకా చిత్రమైనది. బండ్లన్నీ ఆగిన ఆ ఏడాదే గాలిలో మీథేన్ వంద కోట్ల పాళ్లకు సుమారు 15 పాళ్లు పెరిగింది. క్రమపద్ధతిలో కొలతలు మొదలయ్యాక అంతవరకు అంత పెరుగుదల లేదు. ఒక కారణం చిత్తడి నేలలు తడిగా, వెచ్చగా ఉండడం. రెండోది బండ్ల పొగకు సంబంధించినదే. మీథేన్‌ను గాలిలో విరగ్గొట్టేది హైడ్రాక్సిల్ అనే అణుశకలం. అది పుట్టడానికి నైట్రోజన్ ఆక్సైడ్లు తోడ్పడతాయి. పొగ తగ్గింది, హైడ్రాక్సిల్ తగ్గింది, మీథేన్ ఎక్కువ కాలం మిగిలింది. పెరుగుదలలో దాదాపు సగం దీనివల్లేనని 2022లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది. వంశధార ఆయకట్టు లాంటి చోట్ల నీరు నిలిచిన వరి మళ్లు కూడా మీథేన్ వదులుతాయి. వాటికి లాక్‌డౌన్ లేదు, ఉండకూడదు కూడా. తిండి ఆగితే బతకం.

పరిశోధనకూ దెబ్బ తగిలింది. విమానాలు ఎగురుతూనే గాలి వేగం, ఉష్ణోగ్రత కొలిచి పంపుతుంటాయి. విమానాలు నేల మీదే ఉండిపోవడంతో ఆ కొలతలు ప్రపంచవ్యాప్తంగా 75–80 శాతం పడిపోయాయి. ఉపగ్రహాలు, బెలూన్లు కొంత ఆదుకున్నాయి. తిత్లీ తుపాను దెబ్బ 2018లో చూసిన మన శ్రీకాకుళం జిల్లాకు, తుపాను అంచనాలో ఆ కొలతల విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. 2020 నవంబరులో గ్లాస్గోలో జరగాల్సిన వాతావరణ సదస్సు కూడా ఏడాది వాయిదా పడింది.

ఇంత చేసీ ఆ ఏడాది ఉద్గారాలు తగ్గింది 5 శాతమే ఎందుకు? ఇంట్లో కూర్చున్నా ఫ్యాను తిరిగింది, ఫ్రిజ్ నడిచింది. మన దేశంలో ఆ కరెంటులో ఎక్కువ వంతు బొగ్గుదే. ఆ 5 శాతానికి చెల్లించిన మూల్యం చూడండి. శ్రీకాకుళం, విజయనగరం తీరాల నుంచి వేటకు వెళ్లిన వేలాదిమంది మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్‌లో నెలకు పైగా చిక్కుకుపోయి, ఏప్రిల్ నెలాఖరుకు గాని ఇంటి బస్సు ఎక్కలేదు. మనుషుల కూడు ఆపి సాధించినదాన్ని వాతావరణ విధానం అనడానికి నాకు మనసొప్పదు.

తాపాన్ని 1.5 డిగ్రీల దగ్గర ఆపాలంటే 2020 నుంచి 2030 దాకా ఉద్గారాలను ఏటా 7.6 శాతం తగ్గించాలని ఐక్యరాజ్య సమితి 2019 నివేదిక చెప్పింది. అది కరెంటు పుట్టే చోట, ఉక్కు కాగే చోట, సరుకు మోసే బండిలో జరగాల్సిన పని. 2021లో ఉద్గారాలు మళ్లీ సుమారు 5 శాతం పెరిగి దాదాపు పాత మట్టానికి చేరాయి.