సోడియం సెలినైడ్: ధర్మాలు, తయారీ, మోల్ నిష్పత్తి ప్రాధాన్యం

క్షారలోహ సెలినైడ్‌లలో కర్బన సంశ్లేషణకు తరచుగా వినియోగపడేది సోడియం సెలినైడ్. దీని మోలార్ ద్రవ్యరాశి సుమారు 125 గ్రాములు. స్ఫటికంలో ఇది ప్రతి-ఫ్లోరైట్ నిర్మాణాన్ని కలిగి ఉంటుంది. అనగా కాల్షియం ఫ్లోరైడ్‌లో ధన, రుణ అయాన్లు ఆక్రమించే స్థానాలు ఇందులో తారుమారవుతాయి. ప్రతి సోడియం అయాను చుట్టూ 4 సెలినైడ్ అయాన్లు, ప్రతి సెలినైడ్ అయాను చుట్టూ 8 సోడియం అయాన్లు ఉంటాయి.

శుద్ధ సోడియం సెలినైడ్‌కు రంగు లేదు. అయితే గాలి సోకిన వెంటనే సెలినైడ్ అయాను ఆక్సీకరణం చెంది పాలీసెలినైడ్‌లుగా, చివరకు మూలక సెలీనియంగా మారడం ఆరంభిస్తుంది. అందువల్ల సీసాలోని నమూనా రంగు తేలి కనిపించడం మాలిన్యానికి తొలి సూచన.

సంప్రదాయ తయారీలో జడవాయు వాతావరణంలో, ద్రవ అమోనియాలో సోడియంను, సెలీనియంను చర్య జరుపుతారు. అమోనియా సుమారు మైనస్ 33 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది గనుక చర్యానంతరం దానిని తొలగించడం సులభం. కరిగిన సోడియం ఇచ్చే గాఢ నీలివర్ణం అదృశ్యమైనదంటే స్వేచ్ఛా సోడియం మిగలలేదని అర్థం. ఉత్పన్నం శుద్ధమైనదని మాత్రం దాని అర్థం కాదు.

అసలు చిక్కు తూకంలోనే ఉన్నది. 7.90 గ్రాముల సెలీనియంకు, అనగా 0.10 మోల్‌కు, 0.20 మోల్ సోడియం, అంటే 4.60 గ్రాములు కావాలి. ఆ లోహంలో 5 శాతం పైపొర ఆక్సైడ్ రూపంలో వృథా అయిందనుకుందాం. అప్పుడు లభ్యమైన 0.19 మోల్ సోడియం 0.09 మోల్ సెలినైడ్‌ను, 0.005 మోల్ డైసెలినైడ్‌ను ఇస్తుంది. మొత్తం సెలీనియంలో 10 శాతం డైసెలినైడ్‌లోకి చేరుతుందన్నమాట: లోపానికి ఫలితం రెట్టింపు. ఈ మిశ్రమాన్ని ఆల్కైల్ హాలైడ్‌తో చర్య జరిపితే డైఆల్కైల్ సెలినైడ్‌తోపాటు డైఆల్కైల్ డైసెలినైడ్ కూడా ఏర్పడుతుంది. సోడియం పైపొరను చెక్కి తూచడం చిన్న విషయంగా కనిపించినా, దిగుబడి లెక్క దానిపైనే నిలుస్తుంది.

అమోనియా సౌకర్యం లేనిచోట 1973లో క్లేమన్, గ్రిఫిన్ ప్రతిపాదించిన పద్ధతి అనుకూలం. నీటిలో లేదా ఇథనాల్‌లో సోడియం బోరోహైడ్రైడ్ సెలీనియంను క్షయకరిస్తుంది. ఇక్కడ లభించేది సోడియం హైడ్రోజన్ సెలినైడ్. సెలినైడ్ అయాను ప్రబల క్షారం కాబట్టి నీటి నుండి ప్రోటాన్‌ను గ్రహిస్తుంది. జలద్రావణాన్ని ‘సోడియం సెలినైడ్ ద్రావణం’ అనడం వాడుకే తప్ప కచ్చితమైన వర్ణన కాదు. దీనికి మరొక తుల్యాంకం సెలీనియం చేర్చితే డైసెలినైడ్ లభిస్తుంది.

ఆమ్లం తగిలితే తీవ్ర విషవాయువైన హైడ్రోజన్ సెలినైడ్ వెలువడుతుంది. దుర్వాసన హెచ్చరిస్తుందని భరోసా పడరాదు; ముక్కు త్వరగా మొద్దుబారుతుంది. చర్యను ధూమపేటికలోనే జరిపి, వెలుపలికి వచ్చే వాయువును సోడియం హైపోక్లోరైట్ ద్రావణం గుండా పంపాలి. పాత్రలను కడిగిన నీటిని కూడా ఆక్సీకరించిన తరువాతనే సెలీనియం వ్యర్థాల పాత్రలో చేర్చాలి.