మంచుబండి సంరక్షణము

బండికి కందెన పెట్టుట మనకు నేర్పవలసిన పని కాదు. కాని చక్రములే లేని బండిని గూర్చి నేడు మీకు విన్నవింతును.

కెనడా దేశములోని క్యుబెక్ మండలమున పూర్వము శీతకాలమందు బాటలు మంచుచే మూసికొనిపోయెడివి. 1934లో అచ్చటి వాల్‌కూర్ గ్రామమున జోసెఫ్ ఆర్మాన్ బొంబార్డియే అను యంత్రకారుని రెండేండ్ల కుమారుడు కడుపువ్యాధి పాలై, వైద్యశాలకు చేర్చు సాధనము లేక మరణించెను. అప్పటికే మంచుపై నడచు బండ్లకై కృషి చేయుచున్న ఆ తండ్రి, పట్టువిడువక 1959లో స్కీడూ అను చిన్నబండిని వెలువరించెను. దానికి ముందు రెండు జారుడుపలకలును, వెనుక తిరుగు రబ్బరు పట్టాయు నుండును.

ఆ పట్టా వదులైనచో పండ్లచక్రము నుండి తప్పును. మితిమీరి బిగిసినచో ఇంజను బలమును హరించి త్వరగా అరుగును. కావున వెనుకభాగము నెత్తి బిగువును పరీక్షింపవలెను. రాత్రి గడ్డకట్టిన మంచును విడిపింపక నడిపినచో, బలమునందించు బెల్టు కాలిపోవచ్చును. అందుచే మారుబెల్టును వెంట నుంచుకొనుట మేలు.

పట్టా ఒరసికొను ప్లాస్టిక్ పట్టీలకు మంచే కందెన! మంచు లేని గట్టినేలపై చాలసేపు నడిపినచో అవి వేడెక్కి కరగును.

మన బండి దారిలో నిలిచినచో చెట్టునీడన కూర్చుండి బాగుచేసికొందుము. అచ్చట ఊరికి దూరముగా బండి నిలిచినచో చలియే ప్రాణము తీయగలదు. కావున బయలుదేరుటకు ముందు చేయు ఆ పరీక్ష ప్రయాణికుని ప్రాణరక్షణమే యని నేను తలంచెదను.