కంప్యూటరు గడియారమును తొందర పెట్టవచ్చునా?

కంప్యూటరులోని ప్రోసెసరు ఎంత క్లిష్టమైన పని చేసినను, ఆ పని అంతయు ఒక గడియారపు తాళమునకు లోబడియే జరుగును. క్వార్ట్జు స్ఫటికము ఆధారముగా సెకనుకు 10 కోట్ల స్పందనములు, అనగా 100 మెగాహెర్ట్జుల మూల పౌనఃపున్యము, ఏర్పడును. ప్రోసెసరు దీనిని ఒక గుణకముతో హెచ్చించుకొనును. గుణకము 40 అయినచో వేగము 4 గిగాహెర్ట్జులు. ఈ వేగమును తయారీదారు నిర్ణయించిన హద్దు దాటించి పెంచుటకే ఓవర్‌క్లాకింగు అని పేరు. కంప్యూటరు ఆటలయందు ఆసక్తి గల విద్యార్థులు పలువురు దీనిని ప్రయత్నింప గోరుదురు. ఇందలి భౌతిక సూత్రములు తెలిసికొనక పూనుకొన్నచో ఖరీదైన పరికరము చెడిపోవచ్చును.

4 గిగాహెర్ట్జుల వేగములో రెండు స్పందనముల నడుమ వ్యవధి 0.25 నానోసెకను. ఆ కాలములో కాంతి సైతము 7.5 సెంటీమీటర్లే పోగలదు. ఇంతలోనే విద్యుత్సంకేతము వరుసగా అనేక ట్రాన్సిస్టర్లను దాటి స్థిరపడవలెను. ఇల్లు కట్టుచోట కూలీలు వరుసగా నిలిచి, మేస్త్రి చప్పట్లకు అనుగుణముగా ఇటుకలు చేతులు మార్చుట ఊహింపుడు. చప్పట్లు మరీ వేగమైనచో ఇటుక అందకముందే తరువాతి చప్పట్టు పడును. ఇటుక నేల పాలగును. ప్రోసెసరులోను ఇట్లే తప్పు విలువ నమోదగును. అప్పుడు కంప్యూటరు ఆగిపోవచ్చును. ఆగకయే తప్పు జవాబు నిచ్చుట ఇంకను ప్రమాదకరము.

1998లో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన సెలెరాన్ 300ఎ ప్రసిద్ధమైన ఉదాహరణ. దాని మూల పౌనఃపున్యము 66 మెగాహెర్ట్జులు, గుణకము 4.5. మూలమును 100కు మార్చగా అట్టి చిప్పులు అనేకము 450 మెగాహెర్ట్జులతో పనిచేసినవి. వాని అసలు శక్తి అమ్మిన వేగముకంటె ఎక్కువగా నుండుటయే కారణము. నేటి ప్రోసెసర్లు అనుకూలించినంతవరకు తమంతట తామే వేగము పెంచుకొనుచున్నవి గనుక అంతటి మిగులు ఇప్పుడు లేదు.

వోల్టేజి పెంచినచో ట్రాన్సిస్టర్లు త్వరగా పనిచేయును. కాని దానికి వెల ఉన్నది. ఖర్చగు సామర్థ్యము పౌనఃపున్యమునకును, వోల్టేజి వర్గమునకును అనులోమానుపాతములో నుండును. రెండింటిని 10 శాతము చొప్పున పెంచినచో 1.1 × 1.21 = 1.331. అనగా 100 వాట్లు 133 వాట్లగును. లాభము పదవ వంతు. ఉష్ణము మూడవ వంతు అధికము. ఫ్యాను ప్రోసెసరును గది ఉష్ణోగ్రత కంటె దిగువకు చల్లార్పజాలదు. కావున రామగుండము వంటి చోట్ల శీతకాలమున నిలిచిన అమరిక మే నెలలో నిలువకపోవచ్చును.

అధిక వోల్టేజి, ఉష్ణముల వలన చిప్పు క్రమముగా క్షీణించును. సన్నని తీగలలోని లోహపు పరమాణువులు ఎలక్ట్రానుల తాకిడికి మెల్లగా స్థానము తప్పును. 2024లో 13, 14వ తరముల డెస్క్‌టాప్ ప్రోసెసర్లు కొన్ని అస్థిరముగా మారుటకు హెచ్చు వోల్టేజి కారణమని ఇంటెల్ సంస్థయే ప్రకటించినది.

ప్రారంభించువారు మొదట గుణకము మార్చుటకు వీలున్నదో లేదో చూడవలెను. ఇంటెల్‌లో సాధారణముగా పేరు చివర ‘కె’ అక్షరము గలవి, ఎ.ఎం.డి. రైజెన్‌లో చాలవరకు ఇందుకు వీలిచ్చును. మదర్‌బోర్డు కూడ అనుకూలింపవలెను. వారంటీ షరతులు చదువవలెను. ముఖ్యమైన ఫైళ్లకు నకలు తీసికొనవలెను. పిమ్మట పూర్తి భారముతో నడిపి ఉష్ణోగ్రతను వ్రాసికొని, గుణకమును ఒక్కొక్క అంకె చొప్పున పెంచుచు ప్రతిసారి పరీక్షింపవలెను. తప్పు కనబడిన వెంటనే వెనుకటి అంకెకు మరలవలెను. ఒకేసారి రెండు అంశములు మార్చరాదు. ప్రయోగశాలలో పాటించు నియమమే ఇది.

అసలు ఈ శ్రమ అవసరమా అని తెలిసికొనుటకు సులభమైన పరీక్ష కలదు. ఆటలో చిత్రపు రెజల్యూషను తగ్గించి చూడవలెను. సెకనుకు వచ్చు చిత్రముల సంఖ్య బాగుగా పెరిగినచో ఆలస్యము గ్రాఫిక్సు కార్డుది. ప్రోసెసరును తొందర పెట్టి ప్రయోజనము లేదు. మారనిచో ప్రోసెసరే అడ్డమై యుండవచ్చును. అప్పుడే ఈ ప్రయత్నమునకు అర్థమున్నది.